ఫ్రీ ఆటో టెక్నీషియన్ కోర్సు: చేరొచ్చు, కానీ వర్క్‌షాప్ చూశాకే

ఫీజు లేదంటే నేర్పేది కూడా అంతంతమాత్రమే అనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, నేను చేసిన ఈ ఉచిత ట్రైనింగ్‌లో అసలు పని బాగానే నేర్పారు. కార్ల గురించి ఓనమాలు రాకపోయినా చేర్చుకుంటారు. మొదట్లో అంతా సేఫ్టీ, టూల్స్ పేర్లే, కాస్త బోర్ కొడుతుంది. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాకే దూరాలి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు అదే చివర. ఇవి చేతికి అలవాటయ్యేదాకా ఇంజిన్ జోలికి పోనివ్వలేదు, మంచి పనే చేశారు.

నాకు బాగా నచ్చింది ఎలక్ట్రికల్. రెండు మూడు రోజులు కదపకుండా పార్క్ చేస్తే బ్యాటరీ డౌన్ అయ్యే కారు ఒకటి తెచ్చిపెట్టారు. బ్యాటరీ మార్చేద్దాం సార్ అన్నాం అందరం. ఆయన మల్టీమీటర్ చేతిలో పెట్టి ముందు కొలవండి అన్నారు. ఛార్జ్ చేశాక 12.6 వోల్టులు ఉంది, ఎక్కువ కరెంట్ లాగినా నిలబడుతుందా అని చూసే లోడ్ టెస్ట్ కూడా పాసయింది, ఇంజిన్ నడుస్తుంటే 14 చూపిస్తోంది కాబట్టి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దీ తప్పు కాదు. అప్పుడు ఇంజిన్ ఆపేసి, బ్యాటరీకీ నెగెటివ్ కేబుల్‌కీ మధ్య మీటర్ పెట్టి, కారులోని కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారుకునేదాకా ఆగి చూస్తే దాదాపు అర ఆంపియర్ లాగేస్తోంది! మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలట. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోతే ఒకచోట రీడింగ్ ఠక్కున పడిపోయింది. డిక్కీ మూసినా లోపల లైటు వెలుగుతూనే ఉంది, దాని స్విచ్ పోయింది, అంతే. ఊరికే కొత్త బ్యాటరీ వేసుంటే అదీ చచ్చేది.

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ విషయంలోనూ ఇదే పద్ధతి. పి0301 అని కోడ్ వస్తే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) అని మాత్రమే, ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా అన్నది మనమే తేల్చాలి. కాయిల్‌ని రెండో సిలిండర్‌కి మార్చి చూస్తే కోడ్ పి0302 అయిందనుకోండి, దొంగ దొరికినట్టే.

బ్రేకులు, సస్పెన్షన్ ఫర్వాలేదు. వీల్ నట్లు ఎదురెదురుగా బిగించడం, చివర బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో సరిచూడటం అందరిచేతా చేయించారు.

ఇక ఎలక్ట్రిక్ కార్ల పాఠం మాత్రం దండగ. ఆరెంజ్ కేబుళ్లు హై వోల్టేజ్, ముట్టుకోవద్దు అని స్లైడ్లలో చెప్పి వదిలేశారు. హై వోల్టేజ్ బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ తీసి, ఆగి, వోల్టేజ్ లేదని మీటర్‌తో నిర్ధారించుకోవడం ఒక్కసారైనా చేయించాలి కదా, ఆ బండే లేదక్కడ. బ్యాచ్‌లో మంది ఎక్కువ, లిఫ్టులు తక్కువ, దాంతో వెనక నిల్చున్నవాడికి ముందున్నవాడి వీపే కనపడుతుంది. చొరవ చేసి ముందుకెళ్లకపోతే చూడటమే మిగులుతుంది.

ఉద్యోగం ఇప్పిస్తాం అన్నమాటని ఇంటర్వ్యూ ఇప్పిస్తాం అని చదువుకోండి. దొరికినా మొదట్లో ఆయిల్ మార్చడం, టైర్లు విప్పడమే పని, డయాగ్నసిస్ బండి చేతికి రావడానికి టైం పడుతుంది. చాలా వర్క్‌షాపుల్లో సొంత టూల్స్ కూడా తెచ్చుకోమంటారు, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. చేరేముందు క్లాస్ నడుస్తున్నప్పుడే వెళ్లి, ఒక్కో కారు చుట్టూ ఎంతమంది ఉన్నారో చూసి, టూల్స్ కిట్ వాళ్లే ఇస్తారా అని అడగండి.