వివాదాస్పద మత సంస్థలు: ముద్ర వేయడమా, పన్ను వేయడమా? ఏది మేలు?

ఊరి పొలిమేర తోటలో కొత్తగా వెలిసిన ఆశ్రమం, అద్దె గదిలో మొదలై మూడంతస్తులకు పెరిగిన ప్రార్థన మందిరం, ఒక అవధూత సమాధి చుట్టూ అల్లుకున్న సత్రాలు, షాపులు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటివి అందరూ చూసినవే. వీటిలో దేనిమీదనైనా గొడవ రేగగానే రెండు డిమాండ్లు వినిపిస్తాయి. ‘అది అసలు మతమే కాదు, ప్రభుత్వం తేల్చి చెప్పాలి’ అనేది మొదటిది. ‘కోట్లు వసూలు చేస్తున్నారు, పన్ను వేయాలి’ అనేది రెండోది. రెండూ ఒకే కోపంలోంచి పుట్టినవే గానీ, మొదటిది నమ్మకం జోలికి వెళ్తుంది, రెండోది డబ్బు జోలికి. ఈ రెంటినీ కలిపేసిన చోటల్లా ప్రభుత్వాలు దెబ్బతిన్నాయి. డబ్బు దారినే పట్టుకోవడం మేలు. అయితే ఇప్పుడున్న పన్ను చట్టంలో ఒక పెద్ద కంత ఉంది, దాన్ని పూడ్చకుండా ఆ దారి కూడా పూర్తిగా పనిచేయదు.

ముద్ర వేసే దారి

ఏది మత శాఖ, ఏది కాదు అని తేల్చే పని మన దేశంలో కోర్టుల మీద పడింది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు మూడు గుర్తులు చెప్పింది: ఉమ్మడి విశ్వాసం, ఉమ్మడి నిర్వహణ, తమదైన పేరు. ఆ కేసుకు మూలం 1951 నాటి మద్రాసు దేవాదాయ చట్టం. అప్పటికి నెల్లూరు, ఒంగోలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. మఠాల ఆదాయంలో 5 శాతం దాకా ప్రభుత్వం వసూలు చేసుకునే సెక్షన్ కూడా అందులో ఉండేది. చేసే సేవకు తీసుకునే ఫీజుగా అది లేదు, పన్నుగానే ఉంది అని కోర్టు కొట్టేసింది. అంటే ముద్ర గొడవ, పన్ను గొడవ మొదటిరోజు నుంచీ ఒకే తీర్పులో కలిసే ఉన్నాయి.

ఆ తర్వాత ఈ మూడు గుర్తులతో ఎందరినో కొలిచారు. ఆనందమార్గ్‌ను మత శాఖగా ఒప్పుకుంటూనే, వీధుల్లో తాండవ నృత్యం వాళ్ల మతానికి తప్పనిసరి కాదని 1983లో తేల్చారు. ఆరోవిల్‌ కేసులో అరవిందుల బోధ తత్వమే గానీ మతం కాదన్నారు. రామకృష్ణ మిషన్ హిందూ మతం నుంచి వేరుపడిన అల్పసంఖ్యాక మతం కాదని 1995లో చెప్పారు. వీటిలో ప్రతిదీ ఏళ్ల తరబడి నడిచింది. ఆ వాదనలన్నీ గ్రంథాలు, ఆచారాలు, గురుపరంపర చుట్టూ తిరిగాయి. భక్తులిచ్చిన సొమ్ము ఎటు పోయిందన్నది ఆ పరీక్షలో ఒక ప్రశ్నే కాదు.

ఫ్రాన్స్ అనుభవం ఇంకా ఘాటుగా ఉంటుంది. 1995లో అక్కడి పార్లమెంటరీ కమిషన్ ‘అనుమానాస్పద మత శాఖలు’ అంటూ 173 సంస్థల పేర్లతో ఒక జాబితా అచ్చువేసింది. దానికి చట్టబలం లేదు, అయినా ఆఫీసుల్లో అదే ప్రమాణమైపోయింది. అందులో ఉన్న ‘యెహోవా సాక్షులు’ అనే క్రైస్తవ శాఖకు వచ్చిన విరాళాల మీద 60 శాతం పన్ను వేశారు. 2011 జూన్ 30న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అది మతస్వేచ్ఛకు భంగమని తీర్పిచ్చింది, ఆ తర్వాత 45 లక్షల యూరోలకు పైగా తిరిగి చెల్లించమంది. ఆ జాబితాను ఆధారం చేసుకోవద్దని అంతకుముందే, 2005లో, ప్రధానమంత్రి సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది.

మన దగ్గర ఇలాంటి జాబితా రాయడానికి కూర్చున్న అధికారి నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గరే ఆగిపోతాడు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే జనంలో ముస్లింలెంతమందో హిందువులూ అంతగా కనిపిస్తారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె పట్టుకొచ్చినవాళ్లది ఏ శాఖ? ఉమ్మడి విశ్వాసం ఉంది, తమదైన పేరు ఉంది, శాఖ మాత్రం లేదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1876–78 కరువు కాలంలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని కూలిజనానికి పని కల్పించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆనాటి కలెక్టరు చేతిలో ‘వివాదాస్పద మతం’ అనే ముద్ర ఉండి ఉంటే అది ఎవరి మీద పడేదో చెప్పనక్కర్లేదు. ఆ కుటుంబాల మునిమనవలు ఈ రోజు ఈ జిల్లాల్లో టీచర్లు, నర్సులు, ఉద్యోగులు.

కీడును ఆపడానికి ముద్ర అవసరం లేదని మన చట్టాలే చూపించాయి. జోగిని, బసివి, మాతమ్మ పేరుతో ఆడపిల్లల్ని అర్పించడాన్ని ఆంధ్రప్రదేశ్ 1988లో నిషేధించినప్పుడు ఏ దేవత భక్తులనూ నిర్వచించలేదు, అర్పించే పనిని నేరం చేసింది. మహారాష్ట్ర 2013 చట్టం కూడా దురాచారాలను ఒక్కొక్కటిగా షెడ్యూలులో రాసుకుంది. నూనెతోనో తాయెత్తుతోనో క్యాన్సర్ నయమవుతుందని ప్రకటనలు వేసేవాళ్లకు 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉండనే ఉంది.

పన్ను దారి

‘మతం పేరు చెబితే పన్నే లేదు’ అనే మాట సగమే నిజం. (కింద చెప్పే సెక్షన్ల నంబర్లు అందరికీ అలవాటైన 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 2025 చట్టంలో నంబర్లు మారాయి.)

ట్రస్టుకు వచ్చిన చందా కూడా మొదట ఆదాయం కిందే లెక్క. 12ఏబీ సెక్షన్ కింద ఆదాయపు పన్ను శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకుని షరతులు పాటిస్తేనే సెక్షన్ 11 మినహాయింపు. ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఆశయాల మీద ఖర్చుపెట్టాలి, లేదంటే దేనికోసం దాస్తున్నారో ఫారం 10లో చెప్పి ఐదేళ్ల లోపు వాడాలి. మిగులు సొమ్మును బ్యాంకు డిపాజిట్ల వంటి అనుమతించిన చోట్లే పెట్టాలి. గురువుకో ట్రస్టీకో వాళ్ల బంధువులకో లాభం చేకూరితే 13(1)(సి) కింద మినహాయింపు దెబ్బతింటుంది. స్వామివారి అల్లుడి పేరున కారు కొనడం, తమ్ముడి స్థలానికి బజారు కంటే ఎక్కువ అద్దె కట్టడం దీనికిందకే వస్తాయి.

చిన్న సంస్థలు ఎక్కువగా పట్టుబడేది మోసంలో కాదు, నగదులో. అన్నదానానికి బియ్యం బస్తాలు, తాపీమేస్త్రీకి బిల్లు, షామియానా అద్దె చేతి డబ్బుతో ఇచ్చేస్తారు. ఒకరోజులో ఒకే మనిషికి పదివేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు 85 శాతం లెక్కలోకి రాదు. అన్నం పెట్టిన మాట నిజమే, కాగితం మీద మాత్రం పెట్టనట్టే. ఆడిట్ రిపోర్టు గడువు దాటించడం రెండో తప్పు. మూడోది అన్నిటికంటే ఖరీదైంది: రిజిస్ట్రేషన్ రెన్యువల్ మరచిపోవడం. రిజిస్ట్రేషన్ రద్దయినా, గడువులో రెన్యువల్‌కు దరఖాస్తు చేయకపోయినా 115టీడీ సెక్షన్ కింద అప్పులు పోగా మిగిలిన ఆస్తుల మార్కెట్ విలువ మీదే గరిష్ఠ రేటుతో పన్ను పడుతుంది. హైవే పక్కన భూమి ఉన్న ఆశ్రమానికి ఆ దెబ్బ ఎంతో ఊహించుకోవచ్చు. ఏ నిషేధానికీ ఇంత పదును ఉండదు.

జీఎస్టీలోనూ గీత స్పష్టంగానే ఉంది. పూజ, వ్రతం, ప్రార్థన జరిపించడం మీద పన్ను లేదు. 12ఏబీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఆవరణలో గది రోజుకు వెయ్యి లోపు, కల్యాణమండపం రోజుకు పదివేల లోపు, షాపు నెలకు పదివేల లోపు అద్దెకిస్తే మినహాయింపు. ఆ అంకె చేరిందంటే మినహాయింపు వర్తించదు. మున్సిపల్ ఆస్తి పన్ను కూడా అంతే: పూజకు, ప్రార్థనకు మాత్రమే వాడే హాలుకు మినహాయింపు, వీధివైపు అద్దెకిచ్చిన షాపు గదులకు లేదు. ఇక్కడెక్కడా ‘మీ దేవుడెవరు’ అనే ప్రశ్న రాలేదు చూడండి. ఆస్తిని దేనికి వాడుతున్నారు అన్నదొక్కటే ప్రశ్న.

మరి అందరికీ ఒకే పన్ను వేసి, మినహాయింపులు ఎత్తేస్తే సరిపోదా? ఈ వాదనను కొట్టిపారేయలేం. ఒక మతాన్ని పోషించడానికి ప్రత్యేకంగా వసూలు చేసే పన్నునే రాజ్యాంగం 27వ అధికరణ అడ్డుకుంటుంది, మామూలు పన్నును కాదు. కానీ దెబ్బ తగిలేది ఎవరికో చూడాలి. పెద్ద సంస్థకు ఆడిటర్లు, లాయర్లు ఉంటారు, విద్యాసంస్థ పేరునో ఆసుపత్రి పేరునో డబ్బు సర్దుకుంటుంది. నెలకు నలభై వేల కానుకలతో పాస్టరు జీతం, హాలు అద్దె, కరెంటు బిల్లు నెట్టుకొచ్చే పల్లె సంఘానికి, వీధి రామాలయం కమిటీకి ఆ వెసులుబాటు లేదు. వివాదం లేనివాళ్లు పన్ను కడతారు, వివాదం ఉన్నవాళ్లు తప్పించుకుంటారు.

అసలు కంత

పేరు, చిరునామా రాసుకోకుండా తీసుకున్న విరాళం మీద 115బీబీసీ సెక్షన్ 30 శాతం పన్ను వేస్తుంది. మొత్తం విరాళాల్లో 5 శాతం గానీ లక్ష రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు వదిలేస్తుంది. ఒక సేవా ట్రస్టుకు ఏడాదికి 40 లక్షలు వచ్చి, అందులో 9 లక్షలు పేరు లేని డబ్బు అనుకుందాం. 5 శాతం అంటే 2 లక్షలు పోతే 7 లక్షల మీద 30 శాతం, అంటే 2 లక్షల 10 వేలు పన్ను, దానిపై సెస్సు. అదే సంస్థ పూర్తిగా మత ట్రస్టు అయితే ఇందులో ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. మతం, సేవ రెండూ ఉన్న ట్రస్టయితే బడికో ఆసుపత్రికో అని ప్రత్యేకంగా ఇచ్చిన పేరులేని డబ్బుకే పన్ను.

ఈ మినహాయింపు ఎందుకుందో అర్థం చేసుకోవాలి. హుండీలో వేసే చేతికి రసీదు అడగడం మన ఆచారం కాదు, గుప్తదానానికి విలువ ఉంది. దాన్ని కాదనకూడదు. అయితే హుండీ ఎంత నిండిందో ఎవరూ చూడని చోట, ఎవరి నల్లడబ్బయినా భక్తి పేరుతో లోపలికి వచ్చి తెల్లగా బయటికి రావచ్చు.

ఇక్కడే దేవాదాయ శాఖ ఆలయానికీ ప్రైవేటు ఆశ్రమానికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శాఖ గుడిలో హుండీ లెక్కింపు రోజు ఈవో, శాఖ తరఫున పర్యవేక్షణకు వచ్చిన అధికారి, పాలకమండలి సభ్యులు, బ్యాంకు సిబ్బంది, పోలీసులు ఉంటారు. సీలు సరిగా ఉందో లేదో అందరిముందూ చూసి తెరుస్తారు. మండపంలో పరిచిన గుడ్డ మీద కుమ్మరించి, సేవకులు నోట్లు విలువవారీగా వేరుచేసి కట్టలు కడతారు. చిల్లర వేరు, విదేశీ నోట్లు వేరు, బంగారం వెండి తూకం వేరు. సాయంత్రానికి మొత్తం రాసి సంతకాలు చేస్తారు, సొమ్ము బ్యాంకుకు పోతుంది, మర్నాడు జిల్లా పేజీలో అంకె వస్తుంది. వేసినవాడి పేరు ఎవరికీ తెలియదు, మొత్తం మాత్రం అందరికీ తెలుస్తుంది. గుప్తదానమూ నిలిచింది, లెక్కా నిలిచింది. 1987 నాటి 30వ చట్టం కిందకు రాని ప్రైవేటు ఆశ్రమానికి, ప్రార్థన మందిరానికి ఇలాంటి నిర్బంధం లేదు. తాళం ఒకరి దగ్గరే, లెక్క ఒకరి నోటిమాటే.

పన్ను రేటు గురించి అరిచే శక్తిలో సగం ఈ లెక్కింపు పద్ధతి మీద పెట్టినా ఫలితం కనిపిస్తుంది. పేరులేని కానుకలకు మినహాయింపు కావాలంటే మత ట్రస్టులన్నిటికీ, ఏ మతమైనా సరే, నాలుగు షరతులు పెట్టొచ్చు: రెండు తాళాలు ఇద్దరి దగ్గర, ముందే ప్రకటించిన రోజున బయటివాళ్ల ఎదుట లెక్కింపు, మర్నాటికల్లా బ్యాంకులో జమ, నోటీసు బోర్డు మీద మొత్తం. పాటించనివాళ్లకు 115బీబీసీ 30 శాతం వర్తించాలి. ఏడాదికి కొన్ని లక్షల లోపు కానుకలున్న చిన్న సంఘాలకు ఆడిటర్ సర్టిఫికెట్ లేకుండా కమిటీ సంతకాలు చాలు. ఎక్కడో ఒక పరిమితి పెట్టకపోతే మళ్లీ భారం వీధి రామాలయం మీదే పడుతుంది.

జపాన్ నడిచిన దారి దీనికి దగ్గరగా ఉంది. 2022లో మాజీ ప్రధాని షింజో అబే హత్య తర్వాత, హంతకుడు పగబట్టిన యూనిఫికేషన్ చర్చి అనే మత సంస్థ విరాళాల వసూలు మీద దుమారం రేగింది. అది మతమా కాదా అనే చర్చలోకి ప్రభుత్వం దిగలేదు. భయపెట్టి, ఒత్తిడి చేసి విరాళాలు రాబట్టడాన్ని కట్టడిచేస్తూ అదే ఏడాది డిసెంబరులో చట్టం చేసింది. దశాబ్దాల వసూళ్ల తీరును సాక్ష్యంగా పెట్టి 2023లో కోర్టుకు వెళ్లింది. 2025 మార్చి 25న టోక్యో జిల్లా కోర్టు ఆ సంస్థ రద్దుకు ఆదేశించింది. ఇలాంటి ఆదేశం అమలైతే మత సంస్థ హోదా, దానితో వచ్చే పన్ను రాయితీ పోతాయి. నమ్మేవాళ్లు కలిసి ప్రార్థించుకోవడాన్ని అది ఆపదు.

మన చట్టంలో కూడా ఇలా తాకే చోట్లు ఉన్నాయి: 13(1)(సి), 12ఏబీ రద్దు, 115టీడీ. ఒక సంస్థ మీద ఫిర్యాదు ఉన్నవాళ్లు ‘ఇది మతం కాదని ప్రకటించండి’ అని కలెక్టరేటు ముందు ధర్నా చేసేకంటే, ట్రస్టు డీడు నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకుని, ట్రస్టీల పేర్లు, వాళ్ల బంధువుల పేర మారిన ఆస్తుల ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) జతచేసి హైదరాబాదులోని ఆదాయపు పన్ను మినహాయింపుల కమిషనర్‌కు పంపడం మేలు. అక్కడ విచారణ ఆస్తి ఎవరి పేరుకు మారింది, ఎంతకు మారింది అన్నదాని మీద నడుస్తుంది.