జింక్ సంచి కొంటున్నారా? చల్లే ముందు డీఏపీ నీళ్లతో ఒకసారి చూసుకోండి

వరంగల్ చుట్టుపక్కల వరికి జింక్ కొనేవాళ్లు కాస్త జాగ్రత్త. ఈసారి మా దగ్గర ఒక దుకాణంలో యూరియా కావాలంటే జింక్ సంచి కూడా తీసుకోవాల్సిందేనని అంటగట్టారు. సంచి మీద ‘జింక్ సల్ఫేట్ 21 శాతం’ అని పెద్ద అక్షరాలు. బ్యాచ్ నంబర్ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. బిల్లు యూరియాకే రాసిచ్చాడు. జింక్‌కు కూడా రాయమంటే, “దానికి బిల్లు ఎందుకన్నా, అందరూ ఊకెనే తీసుకపోతున్నరు” అన్నాడు.

మా బాబాయి ఆ సంచుల్నే ఆఖరి దుక్కిలో చల్లాడు. నాట్లేసిన మూడు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు, ఆకు మొదట్లో నడిమి ఈనె పాలిపోవడం. జింక్ చల్లిన మడిలోనే జింక్ లోపం! అప్పుడు మిగిలిన సంచిని ఇంట్లోనే పరీక్షించాం.

పరీక్ష తేలిక. గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు జింక్ కరిగించి వడకట్టాలి. ఇంకో గ్లాసులో డీఏపీ (భాస్వరం ఉండే ఎరువు) కరిగించి అదీ వడకట్టాలి. రెండూ కలిపితే అసలు జింక్ విరిగిన పాలలా గడ్డలు కడుతుంది. మాది గడ్డ కట్టలేదు. మెగ్నీషియం సల్ఫేట్ అయ్యుంటుందని ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) అన్నారు. అదీ తెల్లటి పలుకులే, ధర చాలా తక్కువ. కంటితో చూసి తేడా పట్టలేం. (జింక్‌నూ డీఏపీనీ కలిపి చల్లొద్దని ఎందుకంటారో ఆ గ్లాసు చూస్తే అర్థమవుతుంది. మడిలోనూ అదే జరుగుతుంది, రెండింటికీ మధ్య రెండు మూడు రోజులు ఆగాలి.)

మనకు జింక్ అవసరం నిజంగానే ఉంది, ఈ వ్యాపారం నడిచేదీ అందుకే. కాలువ నీళ్లొచ్చాక వానకాలం వరి, యాసంగీ వరే. పంట పంటకూ జింక్ పోతుంది, మనం తిరిగి వేసేది యూరియా, డీఏపీ. పెంట ఎరువు తగ్గింది, కొయ్యకాలు తగలబెడుతున్నాం. ఏటా వేసే డీఏపీ భాస్వరం పేరుకుని, ఉన్న జింక్‌నూ మొక్కకు అందనివ్వదు. జగిత్యాల పరిశోధన స్థానంలో 2000 నుంచి వరి మీద వరి వేస్తూ నడుపుతున్న ప్రయోగంలో జింక్‌కు విడిగా మళ్లే ఉన్నాయి.

నాకు ఇంకా భయం సీసం గురించి. జింక్ సల్ఫేట్‌ను ఫ్యాక్టరీల జింక్ బూడిద నుంచి కూడా తీస్తారు. సరిగా శుద్ధి చేయకపోతే సీసం, కాడ్మియం అందులోనే మిగులుతాయి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సీసం 0.003 శాతం మించకూడదు. జింక్‌ను పైరు వాడుకుంటుంది, సీసం మాత్రం భూమిలోనే ఉండిపోతుంది. ఊరూపేరూ లేని సంచిలో ఏముందో ఎవరు చెప్పాలి?

ముందు భూసార పరీక్ష చేయించండి. మట్టిలో జింక్ 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.6 పాలు) కంటే తక్కువుంటే ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలి. బిల్లు ఇవ్వనన్న చోట కొనకండి. విప్పని సంచి ఒకటి పక్కన పెట్టండి, ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే సాక్ష్యం. మేం ఏఓ (మండల వ్యవసాయ అధికారి) గారికి రాసిచ్చాం, రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా బాబాయి వేరే చోట బిల్లుతో జింక్ తెచ్చి, గ్లాసులో చూసుకుని, లీటరుకు 2 గ్రాముల చొప్పున పిచికారీ మొదలుపెట్టాడు.