ఇంజన్ విప్పి కట్టాక తొలి ప్రయాణం: చైన్ చప్పుడు తేల్చే దారులు, బసలు, షెడ్లు

ఓవర్‌హాల్ అయిన పాత కారు ముందు భాగం నుంచి గలగలమని వినిపిస్తే చాలామంది చేసే మొదటి పని టైమింగ్ కవర్ విప్పడం, అంటే క్రాంక్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పే టైమింగ్ చైన్ మీది మూత తీయడం. అంతకంటే ముందు, రాత్రి బసతో రెండు రోజుల చిన్న ప్రయాణం పెట్టుకోవడం మేలు. చైన్ చప్పుడు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నదాంట్లోనే సగం రోగం తెలిసిపోతుంది. షెడ్డులో పది నిమిషాలు రేస్ చేసి వింటే అది తెలియదు. అయితే కవర్ లోపల ఇనుము ఒరుసుకుంటున్నట్టు ఆగకుండా గీరుడు శబ్దం ఉన్నా, ఆయిల్ ప్రెషర్ తక్కువున్నా బండి కదపకండి. హెచ్చరిక దీపాన్ని నమ్మకుండా ముల్లు గేజ్ పెట్టించండి. వేడెక్కాక ప్రతి 1,000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) అన్నది పాత లెక్క. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులోని బీఎంసీ బి-సిరీస్ ఇంజన్‌కైతే పరుగులో 50 నుంచి 80, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 ఉండాలి.

దారుల్లో మొదటి మార్కులు కొండ దారికే, అదీ దిగే వైపుకి. మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి దిగుతుంటే, వదులుగా ఉన్న చైన్ తనను దారిలో ఉంచే గైడుకో కవర్‌కో కొట్టుకుని గరగరమంటుంది. మళ్లీ కాలు మోపగానే తగ్గితే అనుమానం బలపడినట్టే. ఎక్కేటప్పుడు, బరువు పడ్డప్పుడు మాత్రమే వచ్చే లోతైన దెబ్బ చైన్‌ది కాదు, కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండే బిగ్ ఎండ్ బేరింగ్ వైపు చూడాలి. ఎత్తైన గోడ పక్కన అద్దాలు దించి నెమ్మదిగా వెళ్తే శబ్దం తిరిగొచ్చి చెవిన పడుతుంది, కాబట్టి సొరంగమో, రక్షణ గోడో ఉన్న దారి దొరికితే వదలొద్దు. సాఫీ హైవే ఇందుకు పెద్దగా పనికిరాదు. నిలకడ వేగంలో చైన్ బిగువుగానే నడుస్తుంది, పైగా గాలి హోరు. హైవే మీద తెలిసేది ఒక్కటే: వేగంతో పాటు పెరిగే సన్నని ఈల. అది వదులు చైన్ లక్షణం కాదు, మరీ బిగిసిన చైన్‌ది. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్‌లో పై చైన్ బిగువు చేత్తో సర్దాల్సిందే కాబట్టి అక్కడ ఇది తరచూ ఎదురవుతుంది. ఇక ఊళ్లో ట్రాఫిక్, విసుగే అయినా పనికొస్తుంది. ఆయిల్ బాగా వేడెక్కి పలచబడి, ఐడ్లింగ్‌లో ప్రెషర్ పడిపోయినప్పుడు మొదలై, 1,500 ఆర్‌పీఎం దాటగానే మాయమయ్యే గలగల హైడ్రాలిక్ టెన్షనర్‌ని, అంటే ఆయిల్ ప్రెషర్‌తో చైన్‌ని బిగువుగా ఉంచే భాగాన్ని, పట్టిస్తుంది.

బస ఎంపికలో గది ఎలా ఉందన్నది తర్వాతి మాట, బండి ఎక్కడ నిలుస్తుందన్నదే ముఖ్యం. వ్యాలే పార్కింగ్ తప్పనిసరి చేసే హోటళ్లు ఈ పనికి సున్నా. పొద్దున్నే మనకంటే ముందు ఇంకొకరు స్టార్ట్ చేశారంటే రాత్రంతా ఎదురుచూసిన సాక్ష్యం పోయినట్టే. చల్లబడ్డ ఇంజన్ తొలి మూడు నాలుగు సెకన్లే మనకు కావలసింది, అది రోజుకు ఒకసారే దొరుకుతుంది. సెల్లార్ పార్కింగ్ రెండో రకం. చప్పుడు నాలుగు గోడలకీ తగిలి ఎటునుంచి వస్తోందో తెలియదు. గది ముందే బండి పెట్టుకునే చిన్న కాటేజీలు, సమతలమైన నేల, నిశ్శబ్దమైన పరిసరం ఉన్నవి అన్నిటికంటే మెరుగు. కనీసం ఎనిమిది గంటలు ఇంజన్ కదలకుండా ఉండాలి.

పొద్దున పరీక్ష ఇద్దరు చేయాలి. బానెట్ తెరిచి ఒకరు ముందు నిలబడాలి. మామూలుగా స్టార్ట్ చేసి మొదటి సెకన్లు వినండి. గలగల వచ్చి ప్రెషర్ లేవగానే ఆగితే, మరుసటి పొద్దున ఇంకో పద్ధతి: ఇంజన్ అంటుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే చిన్న వైరు తీసి, ఒక్కో విడత పది సెకన్లకు మించకుండా స్టార్టర్ తిప్పి, గేజ్ ముల్లు లేచాక వైరు పెట్టి స్టార్ట్ చేయండి. ఈసారి చప్పుడు రాకపోతే రాత్రి ఆయిల్ టెన్షనర్‌లోంచి, ఫిల్టర్‌లోంచి కిందికి దిగిపోతోందని అర్థం. అప్పుడు ఆయిల్ వెనక్కి దిగకుండా ఆపే తిరుగువాల్వ్ సరిగ్గా ఉన్న ఫిల్టర్ మార్చి చూడటమే మొదటి మందు. ప్రెషర్ లేపి స్టార్ట్ చేసినా చప్పుడు వస్తే వదులు నిజమైనదే. రెండో పొద్దుకోసం ఇంకో రాత్రి ఉండాల్సి వచ్చినా ఉండండి. కవర్ విప్పే ఖర్చుతో పోలిస్తే అది నయం.

దారిలో షెడ్ల సంగతి. చప్పుడు వినీ వినగానే "చైన్ మార్చాలి" అనే షెడ్డు నుంచి మర్యాదగా బయటపడండి. ముందు ఫ్యాన్ బెల్టు తీసి ముప్పై సెకన్లు నడిపి చూసేవాడు మంచి మెకానిక్. బెల్టు తీయగానే శబ్దం పోతే దోషం వాటర్ పంపుదో, డైనమోదో. తర్వాత ఒక్కో ప్లగ్గు వైరు ఎర్త్ చేసి వింటాడు. చప్పుడు మారితే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ వైపు చూడాలి, చైన్ చప్పుడైతే మారదు. మెకానికల్ పెట్రోల్ పంపు చేయి చేసే టకటకను చైన్ అనుకోవడం కూడా మామూలే. స్టెతస్కోప్ ముందు దాని మీదే పెట్టమనండి.

ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని క్యామ్‌షాఫ్ట్ తిప్పే ఇంజన్లకు ఏ షెడ్డులోనైనా అయిదు నిమిషాల్లో జరిగే పరీక్ష ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్‌ని స్పానర్‌తో ఒకవైపు తిప్పి, లోపల తిరిగే రోటర్ కదలడం మొదలవగానే పుల్లీ మీద గుర్తు పెట్టాలి. వెనక్కి తిప్పుతూ రోటర్ మళ్లీ కదిలేదాకా ఎన్ని డిగ్రీలో చూడాలి. 5 డిగ్రీల లోపైతే ఊరుకోవచ్చు. 10 దాటితే, కొత్త చైన్ వేశామని బిల్లు ఎంత గట్టిగా చెప్పినా కవర్ విప్పాల్సిందే. ఈ ఆటలో డిస్ట్రిబ్యూటర్ గేరు అరుగుదల కూడా కలిసి ఉంటుందని మరవొద్దు.

విప్పాక కనిపించే తప్పులు ఎక్కువగా భాగాలవి కావు, బిగింపువి. బి-సిరీస్‌లో, ఎక్స్‌కే కింది చైన్‌కి వాడే రెనాల్డ్ టెన్షనర్‌లో, బిగించాక టెన్షనర్‌కి ఉండే మూత ప్లగ్గు తీసి 1/8 అంగుళం ఆలెన్ కీతో సవ్యదిశలో తిప్పి, చైన్ మీదికి తోసే లోపలి ప్లంజర్‌ని వదలాలి. అది మరిచిపోతే టెన్షనర్ ఉండీ లేనట్టే. అపసవ్యంగా తిప్పడం, చేత్తో తోయడం రెండూ తప్పే. ఎక్స్‌కేలో టెన్షనర్ వెనక బ్లాకులో ఉండే శంఖాకారపు జాలీ ఫిల్టర్ పూడుకుపోయినా ఇదే చప్పుడు. టెన్షనర్ గాస్కెట్ ఆయిల్ రంధ్రాన్ని కప్పేసినా, కారిన సీలెంట్ ముద్ద అందులో ఇరుక్కున్నా అంతే. బీఎండబ్ల్యూ ఎం10లో టెన్షనర్ పట్టీని అటూ ఇటూ ఆడిస్తూ, గాలి పోయి గట్టితనం తగిలేదాకా ఆయిల్ నింపాలి. మెర్సిడెస్ ఎం102, ఎం103లలో పళ్ల టెన్షనర్ బిగింపు వదులు చేసి అలాగే మళ్లీ బిగిస్తే చైన్ మితిమీరి బిగుస్తుంది. పూర్తిగా బయటికి తీసి, మొదటి పంటికి తెచ్చాకే పెట్టాలి.

హెడ్డు 0.5 మి.మీ. సానపెడితే, క్యామ్‌షాఫ్ట్ హెడ్డులోనే ఉండే ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్‌లో చైన్ రెండు పక్కలా అంతంత వదులై, మొత్తం 1 మి.మీ. దాకా టెన్షనర్ మీద పడుతుంది. క్యామ్ కూడా కాస్త వెనకబడుతుంది. లేత్ షాపు నుంచి ఎంత తీశారో అంకె రాయించుకోండి, అది ఇవ్వలేని షాపుకి మళ్లీ పని ఇవ్వకండి. క్యామ్‌షాఫ్ట్ కింద బ్లాకులో ఉండే బి-సిరీస్‌లాంటి పుష్‌రాడ్ ఇంజన్లలో రెండు స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) మీద సమపట్టీ ఆనించి, సందు ఫీలర్ గేజ్‌తో కొలిచి, క్రాంక్ స్ప్రాకెట్ వెనక షిమ్ములు (పలచని రేకు వలయాలు) సర్దాలి. క్యామ్‌షాఫ్ట్ ముందువెనకల ఆట 0.003 నుంచి 0.007 అంగుళం. అంతకు మించితే బిగింపు పలక అరిగినట్టు. క్రాంక్ ముందు ఆయిల్‌ని సీల్ వైపు రాకుండా విసిరే పళ్లెం, ఆయిల్ త్రోయర్, మీద "ఎఫ్" గుర్తుంటే అది బయటికి కనబడాలి. తిరగేసి పెడితే కవర్‌కి ఒరుసుకుని, చైన్ మీద నింద వేయిస్తుంది. పాత చైన్‌నే తిరిగి వాడినట్టయితే 50 లింకులు సాగదీసి కొలవండి. 3/8 అంగుళం పిచ్‌కి (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) అది 476.25 మి.మీ. ఉండాలి. 4.7 మి.మీ. ఎక్కువొస్తే పక్కన పడేయండి.

డిక్కీలో టైమింగ్ కవర్ గాస్కెట్, ముందు ఆయిల్ సీల్, క్రాంక్ నట్టు లాక్ వాషర్, ఆ నట్టుకి సరిపడే పెద్ద సాకెట్ ఉండాలి. సాకెట్ ముఖ్యం, దారి షెడ్లలో అదొక్కటే దొరకదు. కవర్ తిరిగి పెట్టేటప్పుడు పుల్లీని సీల్‌లోకి దూర్చి కేంద్రం కుదిరాకే బోల్టులు బిగించమనండి. లేకపోతే చప్పుడు పోయిన చోటే ఆయిల్ కారుడు మొదలవుతుంది.