2×2 మైమో ప్రయోగాలకు యూఎస్‌ఆర్‌పీ బీ210

మైమో అంటే రెండు వైపులా ఒకటికంటే ఎక్కువ యాంటెన్నాలతో పంపి అందుకోవడం. అందులో ఛానెల్ ఎస్టిమేషన్‌ను, అంటే యాంటెన్నాల మధ్య దారులు సిగ్నల్‌ను ఎలా మారుస్తాయో అంచనా వేయడాన్ని, కాగితం మీద నేర్చుకుని, నిజమైన రేడియో మీద పరీక్షించాలనుకునేవారికి కంప్యూటర్‌తో నడిచే రేడియో యూఎస్‌ఆర్‌పీ బీ210 మంచి పరికరం. 70 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. అందులోని ఏడీ9361 చిప్‌లో రెండు రిసీవర్లకూ ఒకే లోకల్ ఆసిలేటర్ (రేడియోను ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసే తరంగాన్ని ఇచ్చేది) ఉంటుంది. దాని అసలు విలువ ఇదే. రిసీవర్ల మధ్య ఫేజ్ తేడా స్థిరంగా ఉంటుంది కాబట్టి కొలిచిన ఛానెల్ మ్యాట్రిక్స్‌ను (నాలుగు దారుల విలువల పట్టికను) నమ్మొచ్చు.

56 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ ఒక్క ఛానెల్ వాడినప్పటి మాట. రెండూ వాడితే శాంప్లింగ్ రేటు 30.72 మెగాశాంపిళ్లు దాటదు. అప్పుడు కూడా రిసీవ్ వైపు ఒక్కటే సెకనుకు దాదాపు 246 మెగాబైట్లు యూఎస్‌బీ 3.0 మీదుగా రావాలి. కంప్యూటర్ అందుకోలేకపోతే స్క్రీన్ మీద ‘ఓ’ అక్షరాలు పడతాయి. అంటే శాంపిళ్లు పోయాయి, ఆ ఫ్రేమ్‌ను పక్కన పెట్టేయాలి. 7.68 మెగాశాంపిళ్లతో మొదలుపెట్టడం మేలు.

ఎక్కువమంది తడబడేది పైలట్ల దగ్గర, అంటే ఛానెల్‌ను కొలవడానికి పంపే, ముందే తెలిసిన సంకేతాల దగ్గర. క్లాక్ కచ్చితత్వం ±2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు). పంపే పెట్టె, అందుకునే పెట్టె వేరువేరైతే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 9.6 కిలోహెర్ట్జ్ వరకూ ఫ్రీక్వెన్సీ తేడా రావచ్చు. 15 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్లతో ఒక ఓఎఫ్‌డీఎం (డేటాను చాలా సన్నని సబ్‌క్యారియర్ల మీద పంచి పంపే పద్ధతి) సింబల్ సుమారు 71 మైక్రోసెకన్లు. ఆ కాస్త సమయంలోనే ఫేజ్ చుట్టులో మూడింట రెండు వంతులు తిరిగిపోతుంది. మొదటి సింబల్‌లో (1, 1), రెండో దానిలో (1, −1) అని రెండు యాంటెన్నాలు పంపే పైలట్ల ఆర్థోగనాలిటీ (ఒకదాన్నొకటి అడ్డుకోకుండా విడదీయగలగడం) అక్కడితో పోతుంది, ఒక యాంటెన్నా ఛానెల్ రెండోదానిలో కలిసిపోతుంది. అందుకే ముందు ఫ్రీక్వెన్సీ తేడాను సరిచేయాలి. పైలట్లను కూడా వేరువేరు సబ్‌క్యారియర్ల మీద పెట్టి, ఒక యాంటెన్నా మాట్లాడే చోట రెండోది మౌనంగా ఉండేలా చేస్తే ఇంకా భద్రం. మధ్య సబ్‌క్యారియర్‌ను ఖాళీగా వదలండి, డీసీ ఆఫ్‌సెట్ (రిసీవరే కలిపే స్థిరమైన పొరపాటు) అక్కడే కూర్చుంటుంది. ఆటోమేటిక్ గెయిన్ ఆపేయండి. పైలట్‌కీ డేటాకీ మధ్య గెయిన్ మారితే ఎస్టిమేట్ చెల్లదు.

కేబుళ్లతో పరీక్షిస్తే అటెన్యుయేటర్ తప్పనిసరి. రిసీవర్ తట్టుకునేది −15 డీబీఎం, ట్రాన్స్‌మిటర్ 10 డీబీఎం పైనే ఇవ్వగలదు. ఒక్కో దారిలో 40 డీబీ పెడితే నిశ్చింత. ఇంకో మెలిక: స్ప్లిటర్లు, కంబైనర్లతో నాలుగు దారులూ సమానంగా కలిపితే మ్యాట్రిక్స్ నిండా ఒకటే సంఖ్య, దానికి ఇన్వర్స్ ఉండదు. జీరో ఫోర్సింగ్ (ఆ ఇన్వర్స్‌తో డేటాను విడదీసే పద్ధతి) నాయిస్‌ను విపరీతంగా పెంచేస్తుంది, తప్పు కోడ్‌లో ఉందేమోనని వెతుకుతూ కూర్చుంటారు. ఒక దారిలో సగం తరంగదైర్ఘ్యం, అంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో 62.5 మిల్లీమీటర్లు, కోయాక్స్‌లో అంతకంటే తక్కువ, అదనంగా చేర్చండి. మ్యాట్రిక్స్ నికరంగా ఆర్థోగనల్ అవుతుంది.

పంపిన డేటాను తిరిగి రాబట్టే డిటెక్టర్లలో ఎంఎంఎస్ఈకి (సగటు పొరపాటును కనిష్ఠం చేసేది) నాయిస్ వేరియన్స్ (నాయిస్ బలం) కావాలి, ఖాళీ సబ్‌క్యారియర్ల నుంచి కొలవండి. సున్నా ఇస్తే అది జీరో ఫోర్సింగే. 16-క్వామ్‌కు (ఒక్కో సింబల్‌కు 16 విలువలుండే మాడ్యులేషన్) మాగ్జిమమ్ లైక్లీహుడ్, అంటే అన్ని జతల్లో బాగా సరిపోయేదాన్ని ఎంచడానికి, ఒక్కో సబ్‌క్యారియర్‌కు 256 జతలు చూడాలి, అది భరించదగ్గదే. 64-క్వామ్‌కు 4,096 జతలు, అక్కడ దగ్గరి జతలనే వెతికే స్ఫియర్ డీకోడర్ రాసుకోవాలి.

4×4 (రెండు వైపులా నాలుగేసి యాంటెన్నాలు) కోసం రెండు పెట్టెలను 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ క్లాక్, పీపీఎస్ (సెకనుకో పల్స్) సిగ్నల్‌తో కలపొచ్చు. కానీ ట్యూన్ చేసిన ప్రతిసారీ వాటి మధ్య ఫేజ్ వేరుగా నిలుస్తుంది. డేటా డిటెక్షన్‌కు ఫర్వాలేదు, ఎస్టిమేట్‌లోనే అది కలిసిపోతుంది. సిగ్నల్ ఏ దిశ నుంచి వచ్చిందో కనుక్కోవాలంటే మాత్రం ట్యూన్ చేసిన ప్రతిసారీ క్యాలిబ్రేషన్ చేయాల్సిందే.