చెన్నై పొలిమేరలో ఒక చుట్టిల్లు: దక్షిణచిత్ర సందర్శన

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే తూర్పు తీర రహదారిలో, నగరానికి దాదాపు 25 కిలోమీటర్ల దూరాన, ముట్టుకాడు దగ్గర పదెకరాల స్థలంలో దక్షిణచిత్ర అనే మ్యూజియం ఉన్నది. మహాబలిపురం చూడబోయేవారు చాలామంది దీనిని దారిలో ఒక గంట ఆగదగిన చోటుగా లెక్క వేసుకుంటారు. మేము కూడా అలాగే లెక్క వేసుకుని వెళ్లి, చివరకు మహాబలిపురాన్నే మరుసటి రోజుకు వాయిదా వేసుకున్నాము.

1984లో ఏర్పడిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్, డెబొరా త్యాగరాజన్ చొరవతో, 1996 డిసెంబరులో ఈ మ్యూజియాన్ని ప్రజలకు తెరిచింది. ప్రాంగణానికి రూపురేఖలు ఇచ్చినవారు వాస్తుశిల్పి లారీ బేకర్. అద్దాల బీరువాలలో వస్తువులను పేర్చి, పక్కన పేర్లు రాసిపెట్టే పద్ధతి ఇక్కడ ప్రధానం కాదు, ఇల్లే ప్రదర్శన. దక్షిణాది పల్లెల్లోని పాత ఇళ్లను కొని, జాగ్రత్తగా విప్పించి, ఇక్కడికి తెచ్చి, సంప్రదాయ పనివారి చేత తిరిగి నిలబెట్టించారు. కేరళలోని పుదుప్పళ్లి నుంచి వచ్చిన 1850 నాటి సిరియన్ క్రైస్తవుల ఇంటి కొయ్యపని, తమిళనాడులోని చెట్టినాడు వర్తకుల ఇంటి స్తంభాలు చూడవలసినవే, ఫొటోలు తీసుకునేవారి రద్దీ కూడా అక్కడే ఎక్కువ. తెలుగువారు మాత్రం ఆ రద్దీని దాటి మన ఇళ్ల వైపు తీరికగా నడవాలని నా సూచన.

మొదటిది ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడలు, వాటిని దాదాపు కప్పేసేలా కిందికి దిగిన కప్పు. తుపాను గాలి వచ్చి కొట్టడానికి చదునైన గోడ ఎదురుపడదు గనుక అది ఇంటిని చుట్టుకుని పోతుంది. ఈ సంగతి నేను పుస్తకాలలో చదివి తెలుసుకున్నదే. మా అమ్మ చిన్నతనం గడిచింది మాత్రం అచ్చంగా అటువంటి ఇంట్లోనే. ఆమె వంగి లోపలికి వెళ్లి, కప్పు లోపలి భాగాన్ని కాసేపు పరకాయించి చూసి, "పొయ్యి రాజెయ్యని ఇల్లు ఎన్నాళ్లుంటుందిరా, పొగ తగలకపోతే తాటాకును పురుగు తినేయదూ?" అన్నది. పొయ్యి పొగ కళ్లు మండించడానికే కాక కప్పును కాపాడడానికి కూడా పనికివస్తుందని నాకు అంతవరకు తట్టలేదు. ఇంటిని తీసుకురావచ్చు కాని ఆ ఇంటి పొగను తీసుకురావడం ఏ మ్యూజియానికైనా కష్టమే.

రెండవది, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని కొయ్యలగూడెం నుంచి వచ్చిన ఇకత్ నేతగాని ఇల్లు. నా మట్టుకు ప్రాంగణమంతటిలో ఎక్కువసేపు నిలబెట్టినది ఇదే. నేతపనివారి ఇంట్లో గదులు వేరు, పనిచోటు వేరు అనే విభజన ఉండదు. మగ్గానికి, పడుగు (నిలువు నూలు) సరిచేయడానికి, కండెలు చుట్టడానికి చోటు పోగా మిగిలినదే కాపురానికి. ఇక చిటికి పనిలో, అంటే ఇకత్‌లో, బట్ట నేయకముందే నూలు మీద రంగు పడుతుంది. పేక (అడ్డ) నూలును ఆసు మీద, అంటే మేకులు బిగించిన చట్రం మీద, పోసి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టి అద్దకానికి పంపుతారు. రెండో రంగు కావాలంటే విప్పి మళ్లీ కట్టాలి. ఒక్క చీరకు ఆసు పోయడానికే చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి, ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవారిదే. తల్లి భుజం నొప్పిని చూడలేక ఆసు యంత్రాన్ని తయారుచేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ తెలిసినవారికి ఆ ఇంట్లోని ఖాళీ జాగా కూడా వేరుగా కనిపిస్తుంది. తెలియనివారికి ఎవరైనా చెప్పాలి. అందువల్ల చదువుకుని వెళ్లడం గాని, చేనేత తెలిసిన పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లడం గాని మేలు.

ఒక గోదావరి మండువా లోగిలి కూడా ఇక్కడ ఉంటే, చెట్టినాడు ఇంటిని చూసి వచ్చిన కళ్లకు మన సంపన్న గృహాల తీరు కూడా తెలిసేదనిపించింది. ఇది కొంత ఊరి మీది అభిమానంతో అంటున్న మాటేనని ఒప్పుకుంటాను.

పిల్లలకు కుమ్మరి సారె దగ్గర మట్టి ముట్టుకునే అవకాశం ఉంటుంది, కాబట్టి వారిని అక్కడి నుంచి కదిలించడానికి వేరుగా సమయం కేటాయించుకోవాలి. ప్రాంగణంలోనే భోజనశాల, చేతిపనుల దుకాణం ఉన్నాయి. మంగళవారం సెలవు. సముద్రం పక్కనే ఉన్నా ఉక్కపోత ఎక్కువ గనుక డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. ఉదయం తెరవగానే లోపలికి వెళ్లడం మంచిది. పాత ఇళ్లు కాబట్టి గడపలు, మెట్లు తప్పవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలతో వెళ్లేవారు అన్ని ఇళ్లూ చూపించాలని పట్టుబట్టక, ఏ అరుగు మీద కూర్చోవాలో వారినే ఎంచుకోనివ్వండి. మా అమ్మ నేతగాని ఇంటి దగ్గర కూర్చుని, మేము కేరళ ఇళ్లు చూసి వచ్చేదాకా లేవలేదు.