ఆడిటోరియంకు హియరింగ్ లూప్: బిగింపు బాగుంటేనే విలువ

వినికిడి యంత్రం పెట్టుకున్న ప్రేక్షకులకు హాలు స్పీకర్ల శబ్దం పెంచితే ఒరిగేదేమీ లేదు. మాటతోపాటు ప్రతిధ్వనీ పెరుగుతుంది. లూప్ ఆ చిక్కు తప్పిస్తుంది. కుర్చీల చుట్టూ నేలలో తీగ వేసి ప్రత్యేక యాంప్లిఫయర్‌తో నడిపిస్తే, తీగ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం నుంచి యంత్రంలోని టీ-కాయిల్ అనే చిన్న తీగచుట్ట ధ్వనిని నేరుగా అందుకుంటుంది. కౌంటర్లో హెడ్‌ఫోన్ అడిగి తీసుకోవాల్సిన అవస్థ ఉండదు. మాకు బాగా నచ్చింది అదే.

పని చెడేది బిగింపులోనే. నేలలో ఇనుప కడ్డీలుంటే అయస్కాంత క్షేత్రం నీరసిస్తుంది, పై పౌనఃపున్యాల్లో మరీనూ. చుట్టూ ఒకే తీగ వేస్తే వెడల్పాటి హాల్లో మధ్య కుర్చీలకు మాట మసకగా చేరుతుంది. అలాంటిచోట ఫేజ్డ్ అరే, అంటే కలిసి పనిచేసేలా అమర్చిన పలు తీగచుట్ల వ్యవస్థ, తీసుకోవాలి. ఖర్చు ఎక్కువే, కానీ పక్క గదిలోకి సిగ్నల్ పోవడం కూడా బాగా తగ్గుతుంది. తీగను వేదికకు దూరంగా ఉంచండి, ఎలక్ట్రిక్ గిటార్ పికప్ ఆ సిగ్నల్‌ను పట్టేస్తుంది.

మిక్సర్ నుంచి లూప్‌కు విడిగా ఆక్స్ అవుట్‌పుట్ (హాలు స్పీకర్లతో సంబంధం లేకుండా స్థాయి మార్చుకోగల అదనపు అవుట్‌పుట్) ఇచ్చి, అందులో మాటల మైకుల స్థాయి ఎక్కువగా పెట్టండి. బిల్లు చెల్లించే ముందు హియరింగ్ లూప్‌ల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60118-4 ప్రకారం తీసిన కొలతల పత్రం తప్పక అడగండి: అయస్కాంత క్షేత్రపు శిఖర స్థాయి మీటరుకు 400 మిల్లీయాంపియర్లు ఉండాలి; 100 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా పౌనఃపున్యాల్లో స్థాయి, 1 కిలోహెర్ట్జ్ దగ్గరి స్థాయికి 3 డెసిబెల్స్ అటూఇటూలో ఉండాలి. కొలవాల్సింది కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో.

యంత్రంలో టీ-కాయిల్ లేనివాళ్ల కోసం లూప్ సిగ్నల్‌ను అందుకునే చేతి రిసీవర్లు కొన్ని ఉంచాలి. సైగల భాష వాడేవాళ్లకు మాత్రం లూప్ చాలదు; వాళ్లకు అనువాదకులూ, తెర మీద అక్షరాలూ కావాలి.