ఊపిరి అందడం లేదు: టెన్షనా, ఉబ్బసమా, రక్తం తక్కువా, గుండె జబ్బా?

ఊపిరి అందడం లేదని ఎవరైనా అంటే, పక్కవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ‘టెన్షన్ పడకు’. టెన్షన్ వల్ల ఆయాసం రాదని కాదు, బాగానే వస్తుంది. కానీ మిగతావి ఏవీ కావని తేలాకే ఆ పేరు పెట్టాలని నా గట్టి నమ్మకం.

టెన్షన్‌తో వచ్చే ఆయాసం చాలాసార్లు ఊరికే కూర్చున్నప్పుడో, నిద్ర పట్టబోయే ముందో మొదలవుతుంది. ఎంత పీల్చినా ఊపిరి నిండుగా అందినట్టు ఉండదు. మాటిమాటికీ నిట్టూర్పులు, ఆవులింతలు, గుండె దడ. భయంతో గబగబా పీల్చి వదిలేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిర్లు, తల తిరగడం అందుకే. అది తెలియక ఇంకా గట్టిగా పీలుస్తారు, తిమ్మిర్లు ఇంకా పెరుగుతాయి. ఇలా ఒక్కసారిగా భయం ముంచెత్తడాన్నే పానిక్ అటాక్ అంటారు. అది సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది.

ఉబ్బసంలో ఇబ్బంది ముఖ్యంగా గాలి వదలడంలో ఉంటుంది. పిల్లికూతలు, ఛాతీ బిగుతు, రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువయ్యే దగ్గు దాని గుర్తులు. దుమ్ము, పొగ, చలిగాలి తగిలితే పెరుగుతుంది. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ పరీక్షతో చాలావరకు తేలిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు టెన్షన్ కూడా ఉండొచ్చు. ఒకటి ఉందని రెండోది లేదనుకోకూడదు.

రక్తహీనత ఇంత హడావిడి చేయదు. నిరుడు సులువుగా ఎక్కిన మెట్లే ఇప్పుడు ఆయాసం తెప్పిస్తాయి, నీరసం వదలదు, కళ్లు, గోళ్లు పాలిపోతాయి. హీమోగ్లోబిన్ గర్భం లేని స్త్రీలలో 12 గ్రాములకు, పురుషులలో 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. నెలసరిలో ఎక్కువ రక్తం పోయే ఆడవాళ్లు ‘పని ఎక్కువైంది, అంతే’ అని ఏళ్ల తరబడి సరిపెట్టుకోవడం చూస్తే బాధేస్తుంది. మామూలు రక్తపరీక్ష చాలు.

అసలు భయపడాల్సింది గుండె విషయంలో. నడిస్తే ఆయాసం, ఆగితే కాస్త తెరిపి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, ఒక దిండు చాలక రెండు మూడు వేసుకోవాల్సి వస్తుంది. పడుకున్న గంటా రెండు గంటలకే ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటారు. సాయంత్రానికి పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఇవి ఉంటే టెన్షన్ మాట పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవయసువాళ్లలో, స్త్రీలలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు. అలాగే ఆపరేషన్ తర్వాతో, ఎన్నో గంటల ప్రయాణం తర్వాతో ఒక కాలు వాచి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. అందులో గంటలు కూడా విలువైనవే.

ఇంట్లో వేలికి పెట్టుకుని రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ 98 చూపించిందని ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. పానిక్ అటాక్‌లోనూ 98 ఉంటుంది, రక్తహీనతలోనూ ఉంటుంది, గుండెపోటులోనూ ఉండవచ్చు. 92 కన్నా తగ్గితే అది హెచ్చరికే, కానీ బాగున్న అంకె దేన్నీ కొట్టిపారేయదు.

మరి ఆగి చూడటం మేలా, వెళ్లడం మేలా? ఇలా రావడం మొదటిసారైతే వెళ్లడమే మేలు. ఛాతీలో నొక్కినట్టు ఉన్నా, పెదాలు నీలం తిరిగినా, మాట పూర్తి చేయలేకపోయినా, స్పృహ తప్పినా అంబులెన్స్‌ను పిలవాలి. ఈసీజీ, రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించి ఏమీ లేదని తేలితే ఆ డబ్బు వృథా కాదు. అంతకుముందే పరీక్షలై టెన్షనేనని డాక్టర్ చెప్పి ఉండి, ఈసారీ అవే లక్షణాలైతే ఆగి చూడవచ్చు. అప్పుడు ముక్కుతో నాలుగంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా పీల్చి, ఆరంకెలు లెక్కపెట్టేంతసేపు వదలాలి. కాగితం సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కా మాత్రం వద్దు, అసలు కారణం గుండో ఊపిరితిత్తులో అయితే అది ప్రమాదం.

పానిక్ అని తేలినా ‘ఏమీ లేదు’ అని వదిలేయకూడదు. మళ్లీ మళ్లీ వస్తుంటే సైకియాట్రిస్ట్‌ను కలవాలి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), అవసరమైతే మందులు చాలామందికి బాగా పనిచేస్తాయి.